ఇల్లిచ్చిరి, దోవ మాత్రం ఇయ్యలే

"ఆడోళ్లకు బస్సు ఫ్రీ అంట గదక్కా, మరి ఆ బస్సు యాడుందో రొంత చూపీ, ఎక్కి కూర్చుంటా" అనింది మా ఇంట్లో పనికొచ్చే అక్క. 2025 ఆగస్టు 15న ఉచిత బస్సు మొదలైన వారంలోపలే. గిన్నెలు తోముకుంటా ఎగతాళికే అనింది, నేనూ నవ్వినా. ఆమెకు కర్నూలు బయట జగన్నాథగట్టు మీద గవర్నమెంటు కట్టిన అపార్ట్‌మెంట్లలో ఇల్లొచ్చింది, మేముండేది ఊర్లో సీ క్యాంపు కాడ, పొద్దున ఆరున్నరకంతా ఆమె మా వాకిట్లో ఉండాల. ఆ టైముకు గట్టు దిగేది షేర్ ఆటో ఒక్కటే, అదీ నిండితేనే కదుల్తుంది. నవ్వి లోపలికి పోయి కాఫీ కలుపుకుంటాంటే గుర్తొచ్చింది, ఇదే మాట నేను పదేండ్ల పిల్లప్పుడు మా అవ్వ నోట విన్నా, ఆ పొద్దు బస్సు గురించి గాదు గానీ మాట మాత్రం ఇదే.

నేను పుట్టింది 1971లో, సీ క్యాంపు క్వార్టర్స్‌లో. ఇప్పటి పిల్లోళ్లకు ఈ ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు పేర్లు ఏందో తెల్దు, మిలిటరీ వాళ్లు ఉండిరేమో అనుకుంటారు, మా క్లాసులో ఒక పిల్లోడు ఎన్‌సీసీ క్యాంపా మేడం అన్నాడు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు మన ఊరే గదా రాజధాని, మద్రాసు నుంచి ఆఫీసులు, గుమాస్తాలు, వాళ్ల పెండ్లాం పిల్లోళ్లు మూటాముల్లె కట్టుకోని అందరూ ఒకేసారి వచ్చి దిగిరంట. అంతమందికి ఊర్లో ఇండ్లు యాడుంటాయి, డేరాలు వేసిరి, డేరాల్లోనే ఆఫీసులు డేరాల్లోనే కాపురాలు. 1937లో శ్రీబాగ్ ఒప్పందంలో రాజధానో హైకోర్టో ఒకటి సీమకు ఇస్తామని రాసుకున్నారు గాబట్టి రాజధాని మాకు, హైకోర్టు గుంటూరుకు. మూడేండ్ల ముచ్చట అది, 1956 నవంబర్‌లో హైదరాబాదుకు ఎత్తుకుపోయిరి. డేరాలు పోయి క్యాంపు అనే పేరు మిగిలింది, క్వార్టర్లు మిగిలినాయి, మెడికల్ కాలేజీ వచ్చింది. ఈ కథంతా మా నాయన అన్నం తినేటప్పుడు చెప్తాండె, ప్రతిసారీ ఆఖర్లో "పెండ్లికూతురును చూపిచ్చి ఎత్తుకుపోయినట్ల" అని ఒక మాట వేస్తాండె.

మా క్వార్టరు రెండు గదులు, ముందర పంచ, వెనక దొడ్డి, దొడ్డిలో వేపచెట్టు. కింద బేతంచెర్ల బండలు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాన్నం ఆ బండల మీద నీళ్లు చల్లి తడి ఆరేలోపల పండుకోవాల, కర్నూలు ఎండ తెలిసినోళ్లకు ఆ సుఖం నేను చెప్పే పనిలేదు. బడి నడక దూరం, పెద్దాసుపత్రి నడక దూరం, కూరగాయలు నడక దూరం. నాయన సైకిలు మీద ఆఫీసుకు పోయి, మధ్యాన్నం ఇంటికొచ్చి జొన్నరొట్టె పప్పు తిని, రొంతసేపు నడుం వాల్చి మళ్లీ పోతాండె. మధ్యాన్నం ఇంటికొచ్చి తినిపోయే నాయన ఉండేది ఎంత పెద్ద ఆస్తో అప్పుడు తెల్దు. నేను చిన్నప్పుడు బస్సెక్కింది అంటే అవ్వోళ్ల ఊరికి పోయేదానికే, ఊర్లో తిరిగేదానికి బస్సు అవసరమే పడలే. హడావుడిగా కట్టిన రాజధాని అని అందరూ నవ్వుతారు గానీ నన్నడిగితే ఆ కట్టినోళ్లు ఒక సంగతి మరిచిపోలే, మనిషి పొద్దున లేసి యాడికి పోవాలో అది చూసి ఇల్లు కట్టిరి. తమ నౌకర్లకు గాబట్టి చూసిరేమో, అది వేరే సంగతి.

అవ్వోళ్ల ఊరు కృష్ణ ఒడ్డున, నందికొట్కూరు దాటి పోవాల. మట్టిమిద్దె, పైన చౌడు, మధ్యలో గవాచి, దాంట్లోనుంచి పడే ఎండను బట్టి అవ్వ టైము చెప్తాండె. శ్రీశైలం డ్యాం నీళ్లు వస్తాయని 1981లో ఆ పక్క ఊర్లకు ఊర్లే ఖాళీ చేయించిరి. పరిహారం ఇచ్చిరి, ఎంత అని ఎప్పుడడిగినా నాయన "తక్కువలేమ్మా" అని మాట తిప్పుతాండె, నేనూ గట్టిగా అడగలే. ఊరికి బదులు యాడో రాళ్లగడ్డ మీద సున్నంతో గీతలు గీసి ఇంటికింత అని స్థలం కొలిచి ఇచ్చిరి. చేను లేదు, బాయి లేదు, ఏరు లేదు, రోడ్డు మీదికి రావాలంటేనే రెండు మైళ్లు. అవ్వ ఆడ ఆరు నెల్లు గూడా ఉండలే. ఒక పొద్దు చెప్పాపెట్టకుండా మా క్వార్టరు ముందర దిగింది, నాయన ఏంటికొచ్చినావు అని అడగకముందే తానే చెప్పింది. "ఇల్లిచ్చిరి నాయనా, దోవ మాత్రం ఇయ్యలే. ఆడ కూసుంటే పొద్దున లేసి యాడికి పోవాలో తెల్డంలే."

దోవ అంటే అప్పుడు నేను రోడ్డు అనుకున్నా. 

ఇల్లు పడగొట్టేటప్పుడు అవ్వ ఒక్క తలవాకిలి మాత్రం గడపతో సహా పీకించి లారీ మీద తెప్పించింది. టేకుది, ఇద్దరు మగోళ్లు ఎత్తాల. అది మా పంచలో గోడకు ఆనించి ఐదారేండ్లు ఉండె, దాని వెనకాల మేము దాగుడుమూతలు ఆడుకుంటాంటిమి. ఇల్లు లేని వాకిలి. మా చిన్నాయన సంగతి ఇంకో రకం, మునక కుటుంబాలకు ఇంటికొక ఉద్యోగం అని 98 జీవో ఇచ్చిరి గదా, ఆ జీవో జిరాక్సు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోని తిరిగి తిరిగి ఆయప్ప తల తెల్లబడింది. కర్నూల్లో ఆ జీవో నంబరు తెలియని మునక ఊరోడు ఉండడు. అవ్వ మాత్రం నవ్వుకునేదానికి ఒకటి వెతుక్కుండె. ఆ మునకలో రూపాల సంగమేశ్వరుని గుడి గూడా పోతాంటే రాయి రాయి ఊడదీసి కర్నూలు కాడ జగన్నాథగట్టు మీద మళ్లీ కట్టిరి. అవ్వ శివరాత్రికి చిన్నప్పట్నుంచి పోయిన గుడి అది. "సామికి గూడా పునరావాసమే చూడు, ఆయప్పకు గూడా గట్టే ఇచ్చిరి" అంటాండె.

1986లో నాయన ఆఫీసోళ్లంతా కలిసి హౌస్ బిల్డింగ్ సొసైటీ అని పెట్టుకోని కల్లూరు పక్క చేను కొని ప్లాట్లు వేసిరి. మాకు ఐదు సెంట్లు. పీఎఫ్ లోను, అమ్మ గాజులు, ఇంకా యాడెక్కడివో అప్పులు. అది నల్లరేగడి నేల, వానకు ఉబ్బుతుంది ఎండకు నోరు తెరుస్తుంది, పునాది లోతుగా తవ్వాల అని మేస్త్రీ నెత్తీ నోరూ కొట్టుకుండె గానీ డబ్బు యాడుంది. ఇప్పటికీ ఆ ఇంట్లో నడిమి గోడ మీద పగులు ఉంది, ఎండాకాలం వేలు పడుతుంది, వానాకాలం మూసుకుంటుంది. అవ్వ తలవాకిలికి మాత్రం చోటు దొరికింది. చిన్న ఇంటికి అంత పెద్ద వాకిలి ఏంది సామీ అని మేస్త్రీ గొణుక్కుంటానే నిలబెట్టినాడు.

ఇంట్లో చేరినాక తెల్సింది దోవ సంగతి. మెయిన్ రోడ్డుకు కిలోమీటరున్నర, మధ్యలో కంప చెట్లు, వాన పడితే రేగడి చెప్పుకు అంటుకోని ఒక్కో కాలు రెండు కిలోలు. చెప్పులు చేతిలో పట్టుకోని మెయిన్ రోడ్డు కాడ బోరింగు కింద కాళ్లు కడుక్కోని బస్సుకు నిలబడాల. కాలనీ పెద్దలు అర్జీలు పట్టుకోని తిరిగిరి, నాయనే రాస్తాండె, చేతిరాత బాగుంటుందని. బస్సు వేయాలంటే రోడ్డు కావాల అనిరి, రోడ్డు వేయాలంటే ఇండ్లు నిండాల అనిరి, ప్లాట్లు కొన్నోళ్లేమో బస్సొస్తే కట్టుకుంటాం అనిరి. పైగా మాది పంచాయతీలో ఉండె, ఊరికి ఆనుకోనే ఉంటాం గానీ మునిసిపాలిటీకి మేము ఎవరమో తెల్దు. సైకిలు తొక్కి తొక్కి మోకాళ్లు పోయి నాయన సెకండ్ హ్యాండ్ లూనా కొన్నాడు, మధ్యాన్నం ఇంటికొచ్చేది మానుకున్నాడు. అమ్మ పొద్దున్నే క్యారియర్ కడతాండె. ఐదు సెంట్ల స్థలానికి మేము కట్టిన రేటులో అది గూడా ఉంది, రిజిస్ట్రేషన్ కాగితంలో రాయలేదు అంతే.

నేను కేవీఆర్ కాలేజీలో డిగ్రీ చదివిన మూడేండ్లూ నడక. తిరిగొచ్చేటప్పుడు ఒకోసారి స్నేహితురాండ్లతో కేసీ కాలువ గట్టెంబడి వస్తాంటిమి. ఆ కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అని ఒక ఇంగ్లీషోళ్ల ప్రైవేటు కంపెనీ తవ్వింది, తుంగభద్ర మీది సుంకేసుల ఆనకట్ట నుంచి కడప దాకా, చేలకు నీళ్లు పారించేదానికే గాదు, సరుకు పడవలు నడిపేదానికి గూడా. లెక్క తప్పి, 1882లో గవర్నమెంటోళ్లే కొనుక్కోవాల్సొచ్చింది. చరిత్ర లెక్చరర్ మేడం ఇది చెప్పిన రోజు కాలువలో బర్రెలు తప్ప ఏమీ లేవు, మేము పడీపడీ నవ్వినాము, కర్నూల్లో పడవా అని. ఇప్పుడు అనిపిస్తది, లాభం కోసమో ఇంకా దేనికోసమో, తవ్వేటప్పుడే నీళ్లు, దోవ రెండూ ఒకే గీతలో గీయాలనుకున్నారు గదా వాళ్లు.

తర్వాత సెవెన్ సీటర్ ఆటోలు వచ్చినాయి. ఏడుమంది అని పేరు, పన్నెండుమందికి తక్కువైతే డ్రైవరు కదిలించడు, ముందర ఆయన పక్కన అటిద్దరు ఇటిద్దరు. ఎన్ని తిట్టుకున్నా మా కాలనీకి మొదట దోవ ఇచ్చింది ఆ ఆటోలే, కాబట్టి నేను వాటిని ఎక్కువ అనను. ఆటో రావడం మొదలైనాకే ఇండ్లు లేసినాయి, అంగళ్లు వచ్చినాయి, పొద్దున ఉగ్గాని బజ్జీ బండి వచ్చింది. బజ్జీ బండి వచ్చిందంటే అది ఊరైనట్టే లెక్క.

ఇండ్లు లేసినాక రూల్సు వచ్చినాయి. లేఅవుట్‌లో పదో వంతు ఖాళీ జాగా వదలాల, అది పార్కు. మా లేఅవుట్ కాగితంలో పార్కు ఉంది, పచ్చరంగు వేసి. ఆ జాగాలో ఇప్పుడు రెండు ఇండ్లు, వాటి ముందర ఒక చిన్న గుడి. గుడి ఉంది గాబట్టి వెనక ఇండ్ల జోలికి ఎవరూ పోరు, కట్టినోళ్ల తెలివి అది. 2008లో ఎల్లారెస్ వచ్చింది, అప్రూవల్ లేని లేఅవుట్లలో ప్లాట్లకు ఫీజు కడితే రెగ్యులర్ చేస్తాం అని, నాయన కళ్లద్దాలు పెట్టుకోని ఇరవై ఏండ్ల కింద కాగితాలన్నీ ట్రంకుపెట్టెలోంచి తీసి ఆఫీసు చుట్టూ తిరిగినాడు. చేను ప్లాటు చేయాలంటే నాలా కన్వర్షన్ అని అంతకు రెండేండ్ల ముందే ఇంకో చట్టం, 2006ది. ముందు మనం కట్టుకోవాల, తర్వాత వాళ్లు రూలు తేవాల, ఆ తర్వాత తప్పు మాఫీ చేసుకునేదానికి మనమే ఫీజు కట్టాల. నాయన ఏమీ అనలే, రసీదు మాత్రం లామినేషన్ చేయించినాడు.

అప్పటికి నాకు పెండ్లయి పాతూర్లో ఉంటాంటి, మా ఆయనది ఆడ అంగడి, కింద అంగడి పైన కాపురం. అన్నీ మళ్లీ నడక దూరంలోకి వచ్చినాయని సంతోషపడినా. ఆ సంతోషం 2009 అక్టోబర్ 2 దాకా. పొద్దున లేస్తే గాంధీ జయంతి, బడికి సెలవు, అంతకుముందు రాత్రి నుంచే తుంగభద్ర పొంగుతాంది హంద్రీ పొంగుతాంది అని అరుపులు. సుంకేసుల మీది నుంచి నీళ్లు పోతాండాయి అనిరి, శ్రీశైలం నిండి వెనక్కి తన్నుతాంది అనిరి. కింద అంగడి మెట్టు మెట్టు మునుగుతాంటే పైన మిద్దె మీద నిలబడి చూసినాం. కొండారెడ్డి బురుజు కింద వీధులన్నీ నీళ్లు. రెండు ఏర్లు కలిసే చోట ఊరు కట్టుకుంటిమి, ఆ ఏర్ల జాగాలోకి ఇంకా జరిగి జరిగి ఇండ్లు కట్టుకుంటిమి, ఏరు ఒక్క పూట వచ్చి తన సర్వే తాను చేసుకోని పోయింది. ఆ వారం అంతా మేము తలదాచుకుంది యాడో తెల్సా, అవ్వ తలవాకిలి వెనకాల, నాయన ఇంట్లో. ఇరవై మూడుమంది చుట్టాలు. వానకు రేగడి ఉబ్బి నడిమి గోడ పగులు గూడా మూసుకోని ఉండె.

బురద ఎత్తేదానికే నెల పట్టింది, దాని గురించి ఎక్కువ రాయబుద్ధి కాదు. ఆ తర్వాత కుదిరినోళ్లందరూ ఎత్తు మీదికి పోయిరి, నంద్యాల రోడ్డు, బళ్లారి రోడ్డు పక్కకు. మేమూ అంగడి ఆడ్నే పెట్టుకోని సీ క్యాంపు కాడ బాడుగకు వచ్చినాం. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానులు, కర్నూలు న్యాయ రాజధాని అన్నప్పుడు చూడాల్సింది మా ఊరి ముఖం, టీ అంగడి కాడ టీ తాగేటోళ్లంతా రియల్ ఎస్టేట్ వాళ్లే. నాయన అప్పుడు మంచంలో ఉండె, వార్త చదివి వినిపిస్తే "ఈసారన్నా డేరాలు వేస్తారా" అన్నాడు. 2021 నవంబర్‌లో ఆ చట్టం వెనక్కి తీసుకుండిరి, ప్లాట్లు కొన్నోళ్లు కొన్నట్టే ఉండిరి. అది చూసేదానికి నాయన లేడు.

ఇంక మా ఇంట్లో పనికొచ్చే అక్క ఇల్లు. పేదోళ్ల ఇండ్ల సంగతి మన రాష్ట్రంలో ప్రతి గవర్నమెంటుకూ ఒక పేరు, ఒక కొలత. ఎన్టీఆర్ కాలంలో పక్కా ఇండ్లు, 2006లో ఇందిరమ్మ ఇండ్లు, తర్వాత టిడ్కో అనే గవర్నమెంటు సంస్థ కట్టిన అపార్ట్‌మెంట్లు, 300, 365, 430 చదరపు అడుగులు అని మూడు సైజులు, దాంట్లో కేంద్రం లక్షన్నర. 2020 డిసెంబర్ 25 నుంచి ముప్పై లక్షల మందికి పైగా ఇంటి పట్టాలు, టౌనులో సెంటు, పల్లెలో సెంటున్నర. సెంటు అంటే 48 గజాలు. ఇప్పుడొచ్చినోళ్లు టౌనులో రెండు, పల్లెలో మూడు అంటాండారు. ఎవరిచ్చినా మంచిదే, ఇల్లు లేనోళ్లకు ఇల్లు రావడం చిన్న సంగతి గాదు, బాడుగ ఇంటి ఓనరు గేటు కాడ నిలబడి ఎన్ని బిందెలు నీళ్లు పట్టినావు అని లెక్కేసే బాధ నాకూ తెల్సు. కానీ సెంట్లు, అడుగులు కొలిచినోళ్లు ఆ ఇంటి నుంచి పనికి ఎంత దూరమో ఒక్కసారి కొలవరు. ఊరి నడుమ జాగా పిరం, ఊరి బయట గట్లు, రాళ్లు, వంకలు అగ్గువ, కాబట్టి ఆడ. 2006లోనే కేంద్రం పట్టణ రవాణా పాలసీ అని తెచ్చి, కదలాల్సింది బండ్లు గాదు మనుషులు అని రాసుకుండె. కాగితం మీద ఎంత మంచి మాటో.

అక్కకు వచ్చింది 365 అడుగులది. యాభైవేలు వాటా అనిరి, మా కాడ కొంత, స్వయం సహాయక సంఘంలో కొంత తీసుకోని డీడీ తీసింది, తర్వాత వాటా సగం చేసిరి, గవర్నమెంటు మారింది, తాళం రాకముందే బ్యాంకు కాడి నుంచి వాయిదా కట్టమని ఫోన్లు వచ్చినాయి, బాడుగ ఒక పక్క, వాయిదా ఒక పక్క. తాళం చేతికొచ్చిన రోజు మాత్రం స్వీటు పొట్లం తెచ్చి మా ఇంట్లో దేవుని ముందర పెట్టి ఏడ్చింది. అంతకుముందు బుధవారపేటలో బాడుగకుండి మూడు ఇండ్లలో పని చేస్తాండె, అన్నిటికీ నడిచే పోతాండె. గట్టు మీదికి పోయినాక రెండు ఇండ్లు వదిలేసింది, ఆటోకే రోజూ అరవై అయితాంది, మూడో ఇల్లు మాది.

పోయిన కార్తీకంలో ఇంటికి రాక్కా ఒకసారి అని పట్టుబడితే మా ఆయనా నేనూ పోయినాం. ముందు రూపాల సంగమేశ్వరుని గుడికి పోయినాం. ఇన్నేండ్లు కర్నూల్లో ఉండి నేను ఆ గుడికి పోయింది రెండోసారే, మొదటిసారి అవ్వతో. రాళ్ల మీద ఊడదీసేటప్పుడు వేసిన నంబర్లు ఉంటాయంట అని అవ్వ అప్పుడు వెతికింది, నేనూ వెతికినా, నాకు కనపడలే. గుడి మెట్ల మీద కూర్చుంటే ఒక పక్క ట్రిపుల్ ఐటీ బిల్డింగులు, ఇంకో పక్క వరసలు వరసలుగా అక్కోళ్ల అపార్ట్‌మెంట్లు, సాయంత్రం ఎండకు అగ్గిపెట్టెలు ఆరబెట్టినట్ల.

ఇల్లు ముచ్చటగా పెట్టుకుంది. హాలు, రూము, వంటిల్లు, వెనక చిన్న బాల్కనీలో తులసి, కరివేపాకు కుండీలో. "కిటికీ తెరిస్తే గాలి దంచుతుంది అక్కా, ఫ్యాను అవసరమే లేదు" అని కిటికీ తెరిచి చూపించింది. నిజమే, దంచుతాంది. కూతురు ఇంటర్‌లో చేరాల, కాలేజీ ఊర్లో, పొద్దున ఎట్ల పంపాలో అర్థం కాక పక్కింటి ఆయప్ప బైకు మీద పంపేదా వద్దా అని తల్లీకూతుండ్లు మా ముందరే కొట్లాడుకుండిరి. ఓళిగలు చేసింది, నేను మూడు తిన్నా. మా కల్లూరు ఇంటి సంగతి అడిగింది, బాడుగకిచ్చినాం అని చెప్పినా. మా వీధిలో ఇప్పుడు సిమెంటు రోడ్డే, ఉన్న రోడ్డు మీదనే ఇంకో రోడ్డు, దాని మీద ఇంకోటి పోసి పోసి అవ్వ గడప కంటే జానెడు ఎత్తుకు లేసింది, వాన పడితే నీళ్లన్నీ తలవాకిలి కిందనుంచి లోపలికే, బాడుగోళ్లు ఇసుక మూటలు పెట్టుకుంటాండారు. అక్క నవ్వింది. "దోవ ఇస్తే మీకు ఎక్కువే ఇచ్చినట్లుండారు లేక్కా" అనింది.

ఏడు దాటితే ఆటోలు ఉండవని చీకటి పడకముందే బయలుదేరినాం. అక్క మా వెంటే కిందికి దిగింది, వద్దన్నా వినలే. ఆటోలో అప్పటికి నలుగురు ఉండారు, మేమిద్దరం ఎక్కితే ఆరు. డ్రైవరు బయట నిలబడి ఫోన్ చూస్తాండాడు. పోదామా అన్నాడు మా ఆయన. "ఇంకో ఇద్దరు రావాల సార్" అన్నాడు డ్రైవరు తల ఎత్తకుండా. అక్క కొంగు చుట్టుకోని మెట్ల కాడికి పోయి, ఊరికి వచ్చేటోళ్లు ఎవరన్నా ఉండారా అని పైకి కేకేసింది.